రోడ్‌స్టర్ కాన్సెప్ట్ చూసేటప్పుడు గీతలు కాదబ్బయ్యా, సీటు యాడుందో చూడు

కావలి తమ్ముడు అడిగింది ఏందంటే, రెండు సీట్ల, టాపు లేని రోడ్‌స్టర్ కాన్సెప్ట్ (అంటే షోలో చూపించడానికి చేసే నమూనా కారు) ఫొటోలు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోతున్నా, మనింట్లో కారు కంటే అన్నీ తక్కువే గదా, సీట్లు తక్కువ, డిక్కీ తక్కువ, టాపు అసలే లేదు, మరి ఏముందని అంత బాగుంటాది, అదే కారు షోరూంకి వచ్చేసరికి ఎందుకు చప్పబడిపోతాది, మనూళ్ళో అట్టాంటిది నడుస్తాదా అని. కింద కామెంట్లలో ఇద్దరు ముగ్గురు "డబ్బున్నోళ్ళ పిచ్చి, అంతా ఫొటోషాపు" అని కొట్టిపారేశారు. అంత తేలిగ్గా తీసేసేది కాదులే. నేను ఒంగోల్లో టింకరింగ్ షెడ్డులో మొదలుపెట్టి, ఆ తర్వాత చెన్నైలో, పూణేలో డిజైన్ స్టూడియోల్లో క్లే మోడలింగ్ చేసినోణ్ణి, అంటే డిజైనర్ గీసిన బొమ్మని నిజం సైజులో క్లేతో చేసి నిలబెట్టే పని, ఇప్పుడు మళ్ళీ ఊరికొచ్చేశా. కాబట్టి పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. నీకు నచ్చిన రోడ్‌స్టర్ ఫొటో, సరిగ్గా పక్క నుంచి తీసింది, ఫోన్లో పెట్టుకో. లైట్లు, గ్రిల్లు, రంగు ఇయ్యేం పట్టించుకోబాక. ముందు చక్రం మధ్య నుంచి డాష్‌బోర్డు దాకా ఎంత దూరం ఉందో చూడు, తర్వాత డ్రైవర్ నడుం వెనక చక్రానికి ఎంత దగ్గరుందో చూడు. మనిళ్ళల్లో ఉండే కార్లలో ఇంజను ముందు అడ్డంగా పడుకోని ఉంటాది, ముందు చక్రాలనే తిప్పుతాది, అందుకని ముందు చక్రం దాదాపు డోరుకి ఆనుకున్నట్టే ఉంటాది, డ్రైవరు రెండు చక్రాల మధ్యలో కూర్చుంటాడు. నలుగురు మనుషులు, లగేజీ పట్టాలంటే అదే సరైన పద్ధతి, దాన్ని తప్పు పట్టే పని లేదు. వెనక చక్రాలు తిరిగే రోడ్‌స్టర్‌లో ఇంజను నిలువుగా ఉంటాది, దాన్ని ముందు యాక్సిల్ కంటే వెనక్కి నెట్టేస్తారు, దాని వెనక గేర్‌బాక్సు, ఆ పక్కన మనిషి, ఇంక వెనక సీటు లేదు కాబట్టి మనిషి నడుం వెనక చక్రం ముందుకే వచ్చేస్తాది. బానెట్ పొడుగు, తోక పొట్టి. నువ్వు బాగుంది బాగుంది అనేది మూడొంతులు ఇదే, మిగతా గీతలన్నీ దీని మీద వేసిన ముగ్గు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు, స్టూడియోలో మొదటి రోజు నేర్పేది ఇదే. 1956 నుంచి 59 దాకా బీఎండబ్ల్యూ వాళ్ళు 507 అని ఒక రోడ్‌స్టర్ చేశారు, ఆల్బ్రెక్ట్ గోర్ట్స్ డిజైను, మొత్తం 252 కార్లే, కంపెనీకి డబ్బులు పోయినాయి కానీ ఆ కొలతలు మాత్రం ఇప్పటికీ జనాన్ని వదల్లేదు. 1997 టోక్యో షోలో అదే కంపెనీ జీ07 అని కాన్సెప్ట్ పెట్టింది, అది 507 మనవడే, హెన్రిక్ ఫిస్కర్ గీశాడు, దాన్నే రెండు మూడేళ్ళలో జీ8 పేరుతో దాదాపు అట్టాగే రోడ్డు మీదకి తెచ్చారు. ఎట్టా తేగలిగారంటే అల్యూమినియం స్పేస్‌ఫ్రేము, అంటే లోపలి అస్థిపంజరం, దానికోసమే విడిగా చేశారు, ఇంకో కారు ప్లాట్‌ఫారం (బాడీ కింద ఉండే అడుగు నిర్మాణం) మీద కూర్చోబెట్టలా, రేటు కూడా అట్టాగే పెట్టారు. గీత మారకూడదంటే బిల్లు మారాల, ఈ ఫీల్డులో అంతే.

దీనికి అడ్డంగా ఒక ఉదాహరణ ఆడి టీటీ. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూపే (టాపు ఉండే రెండు డోర్ల కారు) కాన్సెప్ట్, అదే ఏడు టోక్యోలో రోడ్‌స్టర్ కాన్సెప్ట్ చూపించారు. కింద ఉండేది ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ అనే మామూలు ఇంటి కారు ప్లాట్‌ఫారం, అంటే ఇంజను అడ్డం, ముందు చక్రం డోరు దగ్గరే, పొడుగు బానెట్ వచ్చే దారే లేదు. తెలివిగలోళ్ళు కాబట్టి పొడుగు బానెట్ ఉన్నట్టు దొంగనాటకం ఆడలా, మొత్తం కారునే గుండ్రాల మీద కట్టేశారు, చక్రం గుండ్రం, దాని మీద ఆర్చి గుండ్రం, ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా ఒకటే గుండు. ఉన్న కొలతని ఒప్పుకోని దాని మీద గీసినారు గనకే 1998లో కూపే, ఆ తర్వాత రోడ్‌స్టర్ అమ్మకానికొచ్చినప్పుడు కాన్సెప్ట్‌కి పెద్దగా తేడా కనపడలా. (నున్నగా ఉండే ఆ తోక స్పీడులో వెనకాల పట్టు తగ్గించింది, జర్మనీలో హైవే మీద ప్రమాదాలు జరిగినాక స్పాయిలరూ, స్టెబిలిటీ కంట్రోలూ పెట్టాల్సొచ్చింది, అది వేరే కథ.)

సరే, కొలత కుదిరాక చర్మం. క్లే అంటే కుండల మట్టి కాదు, మైనం లాంటివి కలిపిన ఇండస్ట్రియల్ క్లే, చల్లగా ఉంటే గోరు దిగనంత గట్టి, ఓవెన్‌లో 60 డిగ్రీల దాకా పెడితే చేతికి లొంగుతాది. లోపల స్టీలు ఫ్రేము, దాని మీద ఫోము, ఫోము మీద కొన్ని సెంటీమీటర్ల మందాన ఈ క్లే. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పట్టుకొచ్చింది జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్, 1938లో ఆయన చేయించిన బ్యూక్ వై-జాబ్‌నే చాలామంది మొదటి కాన్సెప్ట్ కారు అంటారు, చూసుకో, అది కూడా రెండు సీట్ల టాపులేని కారే, లైట్లు లోపలికి దాక్కునేవి. ఇప్పుడైతే కంప్యూటర్ డేటా పెడితే మిల్లింగ్ మిషను పై నుంచి చెక్కుకుంటూ పోతాది, కానీ చివర్లో చెయ్యి పడాల్సిందే. లప్పం కొట్టిన డోరు మీద మన మేస్త్రీ కళ్ళు మూసుకోని అరచెయ్యి అడ్డంగా లాగి "ఈడ గుంట ఉండాది" అంటాడే, అక్కడా అదే చెయ్యి, కాకపోతే అక్కడ గుంట పూడ్చడం కాదు, గుంటని కావాలని ఎంత లోతు పెట్టాలనేది పని.

క్లే మీద వెండి రంగు ఫిల్ము తడిపి, లాగి, ముడత లేకుండా అతికిస్తారు. అప్పుడు స్టూడియో లైట్లు ఆపి పొడుగు ట్యూబ్‌లైట్ల వరస ఒక్కటే వేస్తారు. చీమకుర్తి పోయుంటే చూసుంటావు, బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలక పాలిష్ అయినాక వంగి పక్క నుంచి పైన లైటు నీడ చూస్తారు, నీడ సూటిగా ఉంటే పలక సాపు, అల తిరిగితే మళ్ళీ పాలిష్‌కే. కారు మీద కూడా మేం చూసేది ఆ లైటు నీడనే, బాడీని కాదు. ముందు ఆర్చి మీద పుట్టిన వెలుగు గీత డోరు మీదగా పోతా ఎక్కడ సన్నబడతాది, వెనక చక్రం భుజం మీద ఎక్కడ మళ్ళీ వెడల్పవుతాది, మధ్యలో తెగిందా, వణికిందా. అర మిల్లీమీటరు ఎక్కువ గీకినా ఆ గీత పాములాగా మెలిక తిరిగేది, దాన్ని సరిచేసే లోపల టీలు చల్లారిపోయేవి. రోడ్‌స్టర్‌కి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే పైన అద్దాలు, రూఫు లేవు, కన్ను పోవాల్సింది ఆ పక్క రేకు మీదకే, తప్పు దాక్కోవడానికి జాగా లేదు. జపానోళ్ళు మొదటి మాజ్దా ఎంఎక్స్-5 చేసేటప్పుడు తమ "నో" అనే పాత నాటకాల్లో వాడే ముసుగుల మీద వెలుగు ఎట్టా మారతాదో దాన్ని మనసులో పెట్టుకోని ఆ బాడీ గీశామన్నారు. ఆ కారు మీద పదునైన మడత ఒక్కటి వెతికి చూపించు చూద్దాం, దొరకదు, అంతా వెలుగు నీడలతోనే నడిపారు.

ఇంకోటి జనం గమనించనిది. టాపు తీసేస్తే లోపలిది కూడా బయటదైపోతాది. మామూలు కారులో సీటు వెనక వైపు ఎట్టా ఉంటే ఎవడిక్కావాలి, రోడ్‌స్టర్‌లో అది రోడ్డున పోయే ప్రతోడికీ కనపడతాది. హైవే మీద నీ పక్కన లారీ ఆగిందనుకో, క్లీనరు పై నుంచి నీ డాష్‌బోర్డు, నీ గేరు రాడ్డు, నీ వొళ్ళో పెట్టుకున్న వేరుశెనక్కాయల పొట్లం అన్నీ చూస్తాడు. అందుకే మంచి రోడ్‌స్టర్ కాన్సెప్ట్‌లో డోరు పైఅంచు గీత లోపలికి తిరిగి డాష్‌బోర్డుగా మారుతాది, బయట రంగు కొంచెం లోపల డోరు మీద కూడా కనపడతాది, సీట్ల వెనక రెండు మూపులు లేచి తోక దాకా జారతాయి. టీటీ రోడ్‌స్టర్‌లో సీట్ల మీద బేస్‌బాల్ గ్లవ్వు మాదిరి లావు తోలుదారంతో కుట్టిన కుట్లు కాన్సెప్ట్‌లో చూసి జనం ఎగబడ్డారు, కంపెనీ దాన్ని ఆప్షనుగా అమ్మింది కూడా. బయట నుంచి కనపడే కుట్టు అది, అందుకే అంత పేరొచ్చింది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, షోరూంకి వచ్చేసరికి ఎందుకు చప్పబడతాది. కాన్సెప్ట్ కారు కొన్ని విషయాల్లో అబద్ధం చెప్పొచ్చు, దానికి లైసెన్సు ఉంది. చక్రాలు ఎంత పెద్దవైనా పెట్టొచ్చు, గుంటలో పడితే ఏమవుతాదని ఎవడూ అడగడు. బానెట్ ఇంజను మీద అతికినట్టు కిందకి పెట్టొచ్చు. నిజం కారు రోడ్డున నడిచే మనిషికి గుద్దుకుంటే ఆ మనిషి తల బానెట్ మీద పడతాది, రేకు కిందకి నొక్కుకోవడానికి ఇంజనుకీ దానికీ మధ్య ఖాళీ ఉండాల, ఆ రూలు వల్ల బానెట్ పైకి లేస్తాది, బానెట్ లేస్తే డాష్‌బోర్డు లేస్తాది, అది లేస్తే డోరు అంచు లేస్తాది, మొత్తం నడుం బరువెక్కుతాది. ముందు అద్దం కాన్సెప్ట్‌లో నుదురు దాకే ఉంటాది, స్తంభాలు పెన్సిలంత సన్నం. కారు తిరగబడితే రెండు తలకాయల్ని కాపాడాల్సింది ఆ స్తంభాలూ, సీట్ల వెనక ఉండే రోల్ హూపులే (తల వెనక లేచే గట్టి కమ్మీలు), కాబట్టి లావెక్కుతాయి. సైడు అద్దాల బదులు చిన్న కెమెరాలు, అవీ పోయి చెవుల్లాగా అద్దాలొస్తాయి. అన్నిటికంటే నాకు కడుపు మండేది నంబరు ప్లేటు. అంత నున్నటి ముక్కు చెక్కినాక దాని మీద 500 బై 120 మిల్లీమీటర్ల తెల్ల రేకు, ఏపీ39 అని. ప్లేటుకి జాగా మొదట్నుంచే అనుకోని గీసిన డిజైనర్ని నేను రెండు మెట్లు ఎక్కువ గౌరవిస్తా.

కానీ ఇవన్నీ చిన్న అబద్ధాలు. అసలు దెబ్బ పడేది ప్లాట్‌ఫారం దగ్గర. పోర్షే బాక్స్‌టర్ చూడు. 1993 జనవరిలో డెట్రాయిట్‌లో కాన్సెప్ట్ పెట్టారు, గ్రాంట్ లార్సన్ బయట డిజైను, చిన్నగా, బిగువుగా, సీట్ల వెనక ఇంజను, జనానికి పిచ్చెక్కిపోయింది. ఆ రోజుల్లో కంపెనీ డబ్బుల్లేక అల్లాడుతుండాది, విడిగా ఒక్క కారు కోసం అన్నీ చేసే స్థోమత లేదు, అందుకని ముందు భాగాన్ని తమదే ఇంకో కారు, రాబోయే 911తో కలిపేశారు, 1996లో వచ్చిన కారు కాన్సెప్ట్ కంటే పెద్దదైపోయింది, ముందు లైట్లు రెండిటికీ ఒకటే, వేయించిన గుడ్డు అని జనం ఎక్కిరించింది ఆ లైట్లనే. డిజైన్ పరంగా నష్టమే, కాదనను. కానీ ఆ పంచుకోవడం వల్లే కారు బతికింది, కంపెనీ కూడా నిలబడింది. సీటు, ఇంజను ఉండాల్సిన చోటే ఉండాయి గనక ఒళ్ళు పెరిగినా మనిషి మారలా.

పాంటియాక్ సోల్స్‌టిస్ ఇంకో రకం. 2002 డెట్రాయిట్ షోలో కాన్సెప్ట్, ఫ్రాంజ్ వాన్ హోల్జ్‌హౌజెన్ పని, తర్వాత టెస్లాకి పోయినాయన ఈయనే. ఆ ఒంపుల్ని మామూలు ప్రెస్సులో కొడితే రేకు చిరిగిపోద్ది, అందుకని ద్రవం ప్రెషరుతో రేకుని అచ్చుకి నొక్కే హైడ్రోఫార్మింగ్ వాడారు, 2005లో కారు దాదాపు కాన్సెప్ట్ మాదిరే బయటికొచ్చింది. బాగుందా, బ్రహ్మాండంగా ఉంది. మరి మడతపెట్టిన టాపు యాడ పెట్టాల? డిక్కీలో. పెట్రోలు ట్యాంకు యాడ? అదీ డిక్కీ మధ్యలోకే లేచింది. టాపు దించితే చిన్న బ్యాగు దూరడం కూడా గగనం. అందం మొత్తం ఉంచుకున్నారు, దానికి లగేజీ బలిచ్చారు. కాన్సెప్ట్ ఫొటోలో టాపు కనపడకపోతే ముందు అడగాల్సిన ప్రశ్న అదే, టాపు యాడికి పోతాది? చాలా కాన్సెప్టులకి టాపే ఉండదు, అందుకే తోక అంత సన్నం. మడతపడే గట్టి రూఫు పెడితే ఇంకా అన్యాయం, వెనక భాగం తప్పనిసరిగా లావెక్కుతాది.

టాపు తీసేయడం అంటే పైన రేకు కోసేయడం కాదని కూడా చెప్పాల, ఎందుకంటే ఇట్టాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా "అన్నా, పాత సెడాన్ టాపు కోసేస్తే రోడ్‌స్టర్ అయిపోద్దిగా" అనేవాడు ఒకడుంటాడు. మా షెడ్డు పక్కన పెళ్ళి ఊరేగింపుల కోసం ఒకాయన అదే పని చేయించాడు. కోసినంతసేపు బానే ఉంది, జాకీ దించేసరికి నడుం జారి డోర్లు పడలేదు, పడినవి తెరుచుకోలేదు. మూసిన కారులో రూఫు ఒక దూలం, దాన్ని తీసేస్తే ఆ బలం డోర్ల కింద గడపల్లోనూ, రెండు సీట్ల మధ్య టన్నెల్లోనూ పెట్టాల, లేదంటే గతుకు ఎక్కినప్పుడల్లా ముందు అద్దం, డాష్‌బోర్డు గజగజ వణుకుతాయి. రోడ్‌స్టర్‌లో ఎక్కేటప్పుడు గడప ఎత్తుగా, వెడల్పుగా తగులుతాదే, అది స్టైలు కోసం కాదు, దూలం అక్కడికి దిగింది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి నిర్మాణం అట్టా మార్చేయడం కుదరదు, ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీకి ఎసరొస్తాది, జాగ్రత్త.

ఇప్పుడు కరెంటు కార్లొచ్చి ఈ లెక్క మళ్ళీ మారింది. ఎంజీ సైబర్‌స్టర్ 2021లో షాంఘైలో కాన్సెప్టుగా వచ్చింది, 2025లో మన దేశంలో 74.99 లక్షలకి అమ్మకానికి పెట్టారు, ఎక్స్‌షోరూం. 510 పీఎస్ పవరు, సున్నా నుంచి వంద కిలోమీటర్ల స్పీడుకి 3.2 సెకన్లు, డోర్లు పైకి లేస్తాయి, ఫొటో చూస్తే ముక్కూ మొహం అన్నీ బాగుండాయి. కానీ బ్యాటరీ నేల కింద పరిచారు, దాని మీద సీటు, దాని మీద మనిషి. పాత రోడ్‌స్టర్‌లో నువ్వు కారు లోపలికి దిగి కూర్చుంటావు, దీంట్లో కారు మీద కూర్చున్నట్టు ఉంటాదని నడిపినోళ్ళు చాలామంది రాశారు. బరువు కూడా దాదాపు రెండు టన్నులు. ఇంజనే లేనప్పుడు పొడుగు బానెట్ ఎందుకని అడిగితే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు, అలవాటైన కన్ను కోసం, అంతే. నడుం కింద బ్యాటరీ పెట్టకుండా సీట్ల వెనక గుట్టగా పేర్చి, మనిషిని మళ్ళీ కిందకి దించే కరెంటు రోడ్‌స్టర్ కాన్సెప్ట్ ఎవడైనా చూపిస్తే నేను ముందు దాని దగ్గరికే పోతా.

నాకు మాత్రం ఇప్పటికీ 1989 ఫిబ్రవరిలో షికాగో షోలో వచ్చిన మొదటి ఎంఎక్స్-5నే ఇష్టం. 1.6 లీటర్ ఇంజను, టన్ను లోపు బరువు, పొడుగు 4 మీటర్ల లోపే, అంటే మనూళ్ళో చిన్న సెడాన్ అంత. చక్రాలు చిన్నవి, మొహం అమాయకం, డోర్లు మామూలువి. ఇద్దరు కూర్చుంటే బరువు ముందూ వెనకా చెరిసగం. దాంట్లో కాన్సెప్ట్ అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే 2016 కల్లా పది లక్షల కార్లు దాటింది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో గిన్నిస్ రికార్డు దానిదే. మన దేశంలో అమ్మలేదు, అది మన ఖర్మ. మనోళ్ళు కూడా ప్రయత్నం చెయ్యకపోలేదు, బెంగుళూరు నుంచి శాన్ స్టార్మ్ అని 1998లో ఫైబర్ బాడీ, రెనో 1.2 ఇంజనుతో రెండు సీట్ల కారు వచ్చింది, టాటా వాళ్ళు 2000లో ఆరియా రోడ్‌స్టర్ కాన్సెప్ట్ చూపించారు. ఆ ఆరియా రోడ్డెక్కలేదు, పేరు మాత్రం తర్వాత ఒక పెద్ద ఫ్యామిలీ బండికి పెట్టుకున్నారు, చూసినప్పుడల్లా నాకు చిరాకు.

ఇంక మన నెల్లూరు, ఒంగోలు లెక్క. రోహిణీ కార్తెలో టాపు తీసి ట్రంకు రోడ్డు మీద తిరిగితే నీ తలకాయ బొబ్బట్టే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు. మిగిలేది సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మిగతా నెలల్లో తెల్లారుజాము. హైవే మీద ఇంకో సంగతి, రోడ్‌స్టర్‌లో నీ చెవి ఎత్తు గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రైలరు చక్రం ఎత్తులో ఉంటాది, ఆ మోత, ఆ పొగ నేరుగా నీకే. గాలి గురించి కూడా తప్పుగా అనుకుంటారు, ముందు నుంచి కొడతాదని, కాదు, అద్దం మీద నుంచి దూకిన గాలి సీట్ల వెనక సుడి తిరిగి మెడ వెనక నుంచి ముందుకొస్తాది, అందుకే రెండు సీట్ల మధ్య వెనకాల చిన్న నెట్టు పెడతారు. మైపాడు, కొత్తపట్నం వైపు పోతే సముద్రం ఉప్పుగాలి, ఇంటికొచ్చాక కింద మంచినీళ్ళతో కడగాల్సిందే, ముఖ్యంగా టాపు కీళ్ళు. స్పీడు బ్రేకర్ల దగ్గర ఐమూలగా ఎక్కించుకో, ఇంకేం చేస్తావు. ఇంత చెప్పినా జనవరి తెల్లారుజామున కొత్తపట్నం రోడ్డులో మంచు విడుస్తుండగా టాపు తీసి 50లో పోతే, వంద పైన పోవాల్సిన పనే లేదు, ఆ స్పీడే చాలు.

నువ్వు బీటెక్ మెకానికల్ అని, ఈ లైన్లోకి రావాలంటే ఏం చెయ్యాలని కూడా చివర్లో అడిగావు గదా. సీఈఈడీ (డిజైన్ పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) రాయి, ఐఐటీ బొంబాయి డిజైన్ స్కూలు ఐడీసీలో వెహికల్ డిజైన్ ఎండెస్ ఉంది, పరీక్ష జనవరిలో జరుగుతాది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) విడిగా రాయాల. దానికి ముందు రోజూ పక్క నుంచి కనపడే బొమ్మ గియ్యి, కార్లు కాదు, ముందు రెండు చక్రాలు, తర్వాత కూర్చున్న మనిషి, అవి కుదిరినాకే పైన గీత. స్కెచ్చులు ఈడ పెట్టు, చూసి ఉన్నదున్నట్టు చెప్తా, తిట్టానని ఏడవబాక.